ఫోన్-ఇన్: క్రియేటర్ ఖాతాకు పంపిన గుర్తింపు పత్రాలు ఎందుకు తిరస్కరణకు గురవుతున్నాయి?

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. యూట్యూబ్‌లో ఛానల్ నడుపుతూ, ప్రకటనల ఆదాయం అందుకోవడానికి యాడ్‌సెన్స్ ఖాతా తెరిచి, గుర్తింపు పత్రాల దగ్గర ఆగిపోయినవారి సందేహాలకు ఈ రోజు సమాధానాలు విందాం. చిన్న ఛానళ్ల లెక్కలు, పన్ను పత్రాలు చూసే ఆడిటర్ గారు మనతో ఉన్నారు. లైనులోకి వచ్చేవారికి ఒక విన్నపం: ఆధార్ నంబరు, పాన్ నంబరు, ఓటీపీ వంటివేవీ ఇక్కడ చెప్పకండి. సార్, ముందుగా ఈ తనిఖీ ఏ వరుసలో జరుగుతుందో వివరిస్తారా?

అతిథి: నమస్కారమండీ. ఖాతాలో ఆదాయం 10 డాలర్లకు చేరిన తర్వాత తనిఖీ మొదలవుతుంది. గుర్తింపు కార్డు పంపమని సందేశం వచ్చినవారు మొదట దాని ఫోటో పంపి ఆమోదం పొందాలి. ఆ తర్వాతే చిరునామా తనిఖీ కోసం ఆరు అంకెల పిన్, అంటే ఖాతాలో నమోదు చేయాల్సిన సంఖ్య, ఉన్న ఉత్తరం పోస్టులో వస్తుంది; ఇది తపాలా పిన్‌కోడ్ కాదు. పన్ను వివరాల ఫారం వేరుగా నింపాలి. ఇవన్నీ పూర్తయి, ఆదాయం 100 డాలర్లు దాటితే, సాధారణంగా నెలలో 21 నుంచి 26వ తేదీ మధ్య డబ్బు బ్యాంకుకు బయలుదేరుతుంది. కార్డులోనూ, ఖాతాలోని చెల్లింపుల ప్రొఫైల్‌లోనూ, పన్ను ఫారంలోనూ, బ్యాంకు పుస్తకంలోనూ పేరు ఒకటే ఉండాలి. నా దగ్గరికి వచ్చే తిరస్కరణలలో ఎక్కువ భాగం ఈ పేరు కలవకపోవడం వల్ల వచ్చినవే.

నిర్వాహకురాలు: ఖమ్మం నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత (ఖమ్మం): నమస్కారం సార్. నాది వంటల ఛానల్. ఆధార్ పంపితే పేరు సరిపోలలేదని మెయిల్ వచ్చింది, పాన్ పంపినా అదే జవాబు వచ్చింది. రెండూ నావే కదా, ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలియడం లేదు.

అతిథి: అమ్మా, చెల్లింపుల ప్రొఫైల్‌లో మీరు ఏ పేరు వేశారు?

శ్రోత (ఖమ్మం): ఛానల్ పేరే వేశాను సార్. అందరికీ తెలిసింది ఆ పేరే కదా అనుకున్నాను.

అతిథి: సరే. ఇప్పుడు ఆధార్‌లో మీ ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఒక్క అక్షరమే ఉందా?

శ్రోత (ఖమ్మం): ఆధార్‌లో ముందు ‘కె’ అని ఒక్క అక్షరం, తర్వాత నా పేరు ఉన్నాయి. పాన్ పెళ్లికి ముందు తీసుకున్నాను. దాంట్లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, నా పేరు తర్వాత ఉంది. బ్యాంకు పుస్తకంలో మా వారి ఇంటిపేరు ఉంది.

అతిథి: అంటే మీ పేరు నాలుగు చోట్ల నాలుగు విధాలుగా ఉందన్నమాట. మన ఇళ్లలో ఇది చాలా సాధారణం. ఇంటిపేరు ముందు రాసి దాన్ని ఒక్క అక్షరానికి కుదించుకోవడం మనకు బడి రికార్డుల నుంచే వచ్చిన అలవాటు. పాన్ దరఖాస్తులో మాత్రం ఇంటిపేరును పొడి అక్షరంగా రాయనివ్వరు, పూర్తిగా విప్పి చివరి పేరు గడిలో రాయమంటారు. అందువల్ల ఒకే మనిషికి ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో మరో పేరు ఉన్నట్టు కనిపిస్తుంది. రెండూ ఒకరివేనని మనకు తెలుస్తుంది గానీ, కార్డు మీది అక్షరాలను ప్రొఫైల్‌లోని అక్షరాలతో పోల్చి చూసే యంత్రానికి ‘కె’ అంటే మీ ఇంటిపేరేనని ఎలా తెలుస్తుంది?

శ్రోత (ఖమ్మం): అయితే ఇప్పుడు ఏ కార్డు మార్పించుకోవాలి సార్?

అతిథి: ముందు ఏ కార్డూ మార్చవద్దు. పాన్‌ను ప్రమాణంగా పెట్టుకోండి. పన్ను ఫారంలో అడిగేది పాన్ నంబరే, బ్యాంకు కేవైసీ చూసేది పాన్‌నే. కనుక మిగిలినవాటిని దాని దారికి తీసుకురావడం తేలిక. యాడ్‌సెన్స్‌లో చెల్లింపుల సమాచారం, ఆ తర్వాత సెట్టింగులు తెరిస్తే, పేరు, చిరునామా పక్కన పెన్సిల్ గుర్తు కనిపిస్తుంది. అక్కడ ఛానల్ పేరు తీసివేసి, పాన్ కార్డు మీద ఉన్న వరుసలోనే, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా ఇంగ్లిషులో మీ పేరు రాయండి. దీనివల్ల ప్రేక్షకులకు కనిపించే ఛానల్ పేరేమీ మారదు. చెల్లింపుల ప్రొఫైల్ వేరు, ఛానల్ వేరు. పేరు సరిచేశాకే కార్డు ఫోటో మళ్లీ పంపండి. అదే కార్డును అదే పొరపాటు పేరు మీద వెంట వెంటనే పంపుతూ ఉంటే అదే జవాబు వస్తుంది.

నిర్వాహకురాలు: మరి బ్యాంకు సంగతి?

అతిథి: మీ బ్యాంకు శాఖకు పాన్ తీసుకెళ్లి, ఖాతాలో పేరును దాని ప్రకారం సరిచేయమని దరఖాస్తు ఇవ్వాలి. అత్తింటి ఇంటిపేరే ఉంచుకోవాలనుకుంటే మాత్రం ముందు పాన్‌లోనే దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టి, కొత్త కార్డు వచ్చాక మిగిలినవి మార్చుకోవాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు. అందుచేత ఇంటిపేరు ఏది ఉండాలో ఇంట్లో నిర్ణయించుకున్న తర్వాతే ఆధార్ కేంద్రానికి వెళ్లండి. తొందరపడి ఒక అవకాశం వృథా చేసుకోవద్దమ్మా.

శ్రోత (ఖమ్మం): ఫోటో విషయంలో ఏమైనా జాగ్రత్త ఉందా సార్?

అతిథి: ఉంది. జిరాక్సు కాగితం గానీ, ఫోనులో తీసిన స్క్రీన్‌షాట్ గానీ పనికిరావు; అసలు కార్డునే ఫోటో తీయాలి. ముదురు రంగు గుడ్డ పరిచి, దాని మీద కార్డు పెట్టి, కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా తీయండి. నాలుగు మూలలూ ఫోటోలో పడాలి. లామినేషన్ చేయించిన కార్డుల మీద ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా మెరుస్తుంది. ఆ గీత సరిగ్గా పుట్టిన తేదీ మీదో, పేరు మీదో పడి, అంతా బాగానే ఉన్నా తిరస్కరణకు గురైనవి నేను చాలా చూశాను. ఫోటో తీశాక పెద్దది చేసి, ప్రతి అక్షరం మీరే చదివి చూసుకోండి.

నిర్వాహకురాలు: తర్వాత శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక తమ్ముడు.

శ్రోత (శ్రీకాకుళం): సార్, నా గుర్తింపు కార్డు ఆమోదం పొందింది గానీ పిన్ ఉత్తరం రావడం లేదు. పోస్ట్‌మాన్‌ను అడిగితే తనకు అలాంటిదేమీ రాలేదంటున్నారు.

అతిథి: చిరునామా ఎలా రాశావు బాబూ?

శ్రోత (శ్రీకాకుళం): రామాలయం ఎదురుగా అని రాసి, ఊరి పేరు, జిల్లా పేరు రాశాను సార్.

అతిథి: తపాలా పిన్‌కోడ్?

శ్రోత (శ్రీకాకుళం): పక్క టౌనుది వేశాను సార్. ఆన్‌లైన్ షాపింగుకు ఎప్పుడూ అదే వేస్తాను.

అతిథి: షాపింగ్ పార్శిల్ తెచ్చే కుర్రాడు నీకు ఫోన్ చేసి ఇల్లు వెతుక్కుంటాడు. ఈ ఉత్తరం మామూలు తపాలాలో వస్తుంది. రిజిస్టర్ కాదు కనుక దారిలో ఎక్కడుందో తెలుసుకునే నంబరు ఉండదు, ఎవరూ ఫోన్ చేయరు. కాబట్టి ఇంటి నంబరు, వీధి, గ్రామం, మీ బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం, జిల్లా, ఆ పోస్టాఫీసుకు చెందిన పిన్‌కోడ్ ఈ వరుసలో రాయి. కొత్త జిల్లాల విషయంలో కూడా చాలామంది తికమక పడుతున్నారు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. పాత ఆధార్ కార్డుల మీద పాత జిల్లా, కొన్నిటి మీద తెలంగాణ ఊళ్లకు కూడా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. తపాలాను నడిపించేది ముఖ్యంగా పిన్‌కోడ్ కనుక జిల్లా పేరు పాతదైనా ఉత్తరం చేరుతుంది గానీ, పిన్‌కోడ్ తప్పితే వేరే పోస్టాఫీసులో పడి ఉంటుంది. ఒకసారి ఆ టౌను పోస్టాఫీసులో కూడా అడిగి చూడు.

శ్రోత (శ్రీకాకుళం): ఆ ఉత్తరం ఎలా ఉంటుంది సార్? ఇంట్లో కరపత్రం అనుకుని పారేశారేమో.

అతిథి: అది జరగడానికి అవకాశం ఉంది. పెద్ద కవరు కాదు. తెల్లటి చిన్న మడత కాగితంలా ఉండి, అంచులు చింపి విప్పాల్సి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పిపెట్టు. ఉత్తరం రావడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. రాకపోతే ఖాతాలోనే మళ్లీ పంపమని కోరవచ్చు, అయితే ముందు చిరునామా దిద్దుకుని ఆ తర్వాత కోరాలి. మొదటి పిన్ తయారైన నాటి నుంచి నాలుగు నెలలలోపు పిన్ నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి కనుక క్యాలెండర్‌లో ఆ తేదీ గుర్తు పెట్టుకో. ఎన్నిసార్లు కోరినా ఉత్తరం చేరకపోతే, చిరునామా ఉన్న ప్రభుత్వ పత్రం పంపి తనిఖీ పూర్తి చేసే దారి ఖాతాలోనే చూపిస్తారు.

నిర్వాహకురాలు: వరంగల్ నుంచి ఒక తండ్రి అడుగుతున్నారు. పదహారేళ్ల కొడుకు ఛానల్‌కు ఆదాయం మొదలైందట. అబ్బాయి ఆధార్ పంపవచ్చా?

అతిథి: పంపకూడదు. యాడ్‌సెన్స్‌కు పద్దెనిమిదేళ్లు నిండాలి. తల్లి గానీ తండ్రి గానీ తమ పేరు మీద ఖాతా తెరిచి ఛానల్‌కు జతచేయాలి. అప్పుడు గుర్తింపు కార్డు, పాన్, బ్యాంకు అన్నీ వారివే ఉండాలి, డబ్బూ వారి ఆదాయంగానే లెక్కకు వస్తుంది. ఆ తండ్రి పేరు మీద ఇప్పటికే ఒక యాడ్‌సెన్స్ ఖాతా ఉంటే రెండోది తెరవవద్దు. ఒక మనిషికి ఒకే ఖాతా అన్నది నిబంధన. ఉన్నదానికే ఈ ఛానల్‌ను కూడా జతచేయాలి.

నిర్వాహకురాలు: హైదరాబాద్ నుంచి మరొకరు. చెప్పండి.

శ్రోత (హైదరాబాద్): నమస్కారం. యాడ్‌సెన్స్‌లో అమెరికా పన్ను ఫారం నింపమంటున్నారు. నేను ఎప్పుడూ అమెరికా వెళ్లలేదు, వదిలేయవచ్చా?

అతిథి: వదిలేస్తే నష్టం మీకే. ఆ వివరాలు ఇవ్వని వ్యక్తిగత ఖాతాలలో, ప్రేక్షకులు ఏ దేశంలో ఉన్నా సరే, మొత్తం ఆదాయం నుంచి 24 శాతం వరకు కోత పడవచ్చు. అమెరికాకు చెందని వ్యక్తులు ఇచ్చే డబ్ల్యూ-8 బెన్ అనే ఆ పన్ను ఫారం నింపి, భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందాన్ని ఎంచుకుంటే, అమెరికా ప్రేక్షకుల వల్ల వచ్చిన ఆదాయం మీద మాత్రమే 15 శాతం పోతుంది. విదేశీ పన్ను నంబరు అడిగిన చోట పాన్ ఇవ్వండి. పేరు మళ్లీ పాన్‌లో ఉన్నట్టే ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

నిర్వాహకురాలు: చివరి కాల్ గుంటూరు నుంచి.

శ్రోత (గుంటూరు): అన్నగారూ, వాట్సాప్ గ్రూపులో ఒకాయన రెండు వేలు ఇస్తే డాక్యుమెంట్లు ఆమోదం చేయిస్తానంటున్నాడు. ఆధార్ రెండు వైపులా ఫోటో తీసి పంపమన్నాడు, వచ్చిన ఓటీపీ కూడా చెప్పమన్నాడు.

అతిథి: పంపారా?

శ్రోత (గుంటూరు): ఫోటో పంపాను. ఓటీపీ ఇంకా చెప్పలేదు.

అతిథి: చెప్పకండి, డబ్బూ పంపకండి. ఈ ఆమోదం ఎవరి పలుకుబడితోనూ వచ్చేది కాదు. మధ్యవర్తి మీ జీమెయిల్‌లోకి వచ్చాడంటే ఖాతాలో బ్యాంకు వివరాలు మార్చుకోవడం అతనికి చిన్న పని. ఇప్పుడు చేయవలసింది వినండి. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల రక్షణ పెట్టండి. మైఆధార్ వెబ్‌సైటులో మీ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. మళ్లీ అవసరమైనప్పుడు మీరే తెరుచుకోవచ్చు. అదే చోట మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, దాంట్లో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆ ఫైలు పాస్‌వర్డ్ అడుగుతుంది: ఆధార్‌లో ఇంగ్లిషులో ఉన్న మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు పెద్ద బడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఇకపై ఎవరైనా ఆధార్ అడిగితే ముందు దానితో సరిపోతుందేమో అడగండి. మీ ఛానల్ ఖాతాకు పాన్ సరిపోతుందని స్క్రీన్ మీద ఉంటే ఆధార్ పంపే పనే లేదు.

శ్రోత (గుంటూరు): ఒకవేళ ఇప్పటికే డబ్బు పోయి ఉంటే?

అతిథి: ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి, ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. వాట్సాప్ సంభాషణ, డబ్బు పంపిన లావాదేవీ నంబరు చెరిపేయకుండా ఉంచుకోండి. అవతలి ఖాతాలో డబ్బు ఆపించడానికి వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.