జ్వాలాపురం బూడిద

శ్రోతలకు నమస్కారం.

రాళ్ల వయసు ఎలా కడతారో చెప్పమన్నారు. నేను గిన్నెలు తోమే పొడితో మొదలుపెడతాను. కాసేపు ఓపిక పట్టండి.

నంద్యాల జిల్లా బనగానపల్లె అనగానే అందరికీ మామిడిపండు గుర్తొస్తుంది. నాకూ అంతే. ఆ బనగానపల్లెకు దగ్గర్లో జ్వాలాపురం అని ఒక ఊరుంది. పక్కనే జుర్రేరు అనే చిన్న ఏరు. చుట్టూ గుట్టలు, మధ్యలో లోయ. ఆ లోయలో కొన్నిచోట్ల నేల తవ్వితే తెల్లగా, పిండిలాగా ఉండే మన్ను బయటపడుతుంది. వేళ్ల మధ్య నలిపితే మెత్తగానే ఉంటుంది, కానీ లోపల సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు వల్లే దానికి గిరాకీ వచ్చింది. తోముడు పొడుల్లో కలపడానికి బాగుంటుందని ఏళ్ల తరబడి దాన్ని తవ్వి అమ్మారు. అందులో కొంత మీ ఇంటి సింకులోంచి కూడా పోయి ఉండొచ్చు, మా ఇంట్లోంచి కూడా.

ఆ తెల్లపొడి మన నేలలో పుట్టింది కాదు. ఇండోనేషియా నుంచి గాల్లో ఎగిరొచ్చింది. సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద అది. మైక్రోస్కోపు కింద పెడితే అంతా పగిలిన గాజు పెంకుల్లా కనిపిస్తుంది. గిన్నె మీది జిడ్డును గీకేది ఆ గాజే. అక్కడికీ మన జ్వాలాపురానికీ దూరం 2,600 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో బంగాళాఖాతం. అంత సముద్రం దాటి వచ్చి మన లోయలో పడిందంటే ఆ పేలుడు ఎంతటిదో చూడండి. పేలినచోట ఇప్పుడొక సరస్సు ఉంది. పొడవు 100 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి నల్లగొండ దాకా నీళ్లే అనుకోండి.

ఇంకో మాట. అగ్నిపర్వతం బూడిద దొరికిన ఊరి పేరేమో జ్వాలాపురం! పేరు పెట్టిన పెద్దలకు ఈ సంగతి తెలిసే వీలే లేదు. అయినా ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కాస్త ఒళ్లు జలదరిస్తుంది.

సరే, ఇక అసలు కథ. ధార్వాడకు చెందిన పురావస్తు శాస్త్రవేత్త రవి కొరిసెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా, వాళ్లతో ఇంకొందరు కలిసి ఈ లోయలో తవ్వారు. బూడిద పొర పైన మట్టిలో రాతి పనిముట్లు దొరికాయి. బూడిదను దాటి ఇంకా కిందికి వెళ్లారు. అక్కడా రాతి పనిముట్లు దొరికాయి. గీతలు పడిన ఒక ఎర్ర జేగురు ముక్క కూడా దొరికింది. అంటే ఆకాశం నుంచి బూడిద రాలకముందే ఆ లోయలో ఎవరో కూర్చుని రాళ్లు చెక్కుకున్నారు, జేగురు అరగదీసుకున్నారు. బూడిద రాలిన తర్వాత కూడా ఎవరో వచ్చి రాళ్లు చెక్కుకున్నారు.

ఎప్పుడు?

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పనిముట్లలో కొన్ని సున్నపురాయితో చేసినవి. మన బేతంచెర్ల బండల కోవకు చెందిన రాయి. పదుల కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకుని గట్టిపడింది. మరి ఆ పనిముట్టు వయసెంత? రాయి గట్టిపడిన కాలమా? మనిషి దాన్ని చెక్కిన రోజా? అది మట్టిలో కప్పబడిపోయిన రోజా? ఒకే రాయికి మూడు వయసులు. అందుకే ఎవరైనా రాయి పట్టుకొచ్చి 'దీని వయసెంతండీ' అని అడిగితే, 'ఏ వయసు?' అని ఎదురు అడగాలి. ఏ వయసు? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

చెక్కిన రోజును నేరుగా కొలిచే పద్ధతి లేదు. సుత్తి దెబ్బ ఏ గడియారాన్నీ మొదలుపెట్టదు. అందుకని చుట్టూ ఉన్నవాటిని అడగాలి. పైన ఏముంది, కింద ఏముంది, పక్కన ఏ ఇసుక ఉంది? కదిలించని పొరల్లో కిందది పాతది, పైది కొత్తది. స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1669లోనే ఈ మాట రాసిపెట్టాడు. కళ్లాల్లో గడ్డివాము వేసిన ప్రతి రైతుకూ అంతకు ముందే తెలుసు.

మొదట బూడిదను అడుగుదాం. బూడిదలో సన్నని స్ఫటికాలుంటాయి, వాటిలో పొటాషియం ఉంటుంది. అందులో అతి కొద్ది భాగం నెమ్మదిగా ఆర్గాన్ అనే వాయువుగా మారుతూ ఉంటుంది. ఎంత నెమ్మదిగా అంటే, ఆ కొద్ది భాగంలో సగం తరిగిపోవడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. అగ్నిపర్వతం కడుపులో రాయి కుతకుత ఉడుకుతున్నంతసేపూ ఆ వాయువు బయటికి పోతుంది, మూత లేని గిన్నెలోంచి ఆవిరి పోయినట్టు. పేలి, చల్లబడి, గట్టిపడగానే మూత పడింది. అప్పటినుంచి పుట్టిన ఆర్గాన్ లోపలే చిక్కుకుపోతుంది. ఎంత చిక్కుకుందో కొలిస్తే మూత ఎప్పుడు పడిందో తెలుస్తుంది. 125 కోట్ల ఏళ్ల గడియారంతో వేల ఏళ్లను కొలవడమంటే లారీల వేబ్రిడ్జి మీద ఏలక్కాయను తూచడమే. అయినా తూచారు. మలేషియాలో లెంగ్‌గాంగ్ దగ్గర దొరికిన ఇదే బూడిదలోని స్ఫటికాలతో 2012లో లెక్కగట్టి 73,880 ఏళ్లన్నారు, అటూ ఇటూ 320. అటూ ఇటూ 320 అంతే!

మరి మలేషియాలో కట్టిన వయసు జ్వాలాపురానికి ఎలా చెల్లుతుంది? గాజు వల్ల. ఒక్కో పేలుడు గాజులో ఏ మూలకం ఎంత ఉందన్నది ఒక్కో తీరుగా ఉంటుంది. అది వేలిముద్రలాంటిది. ఆ ముద్ర సరిపోల్చి చూస్తారు. మధ్యప్రదేశ్‌లో సోన్ నది లోయలోనూ, బంగాళాఖాతం అడుగునా ఉన్న బూడిదను కూడా ఇలాగే టోబాతో కలిపారు. ఇలా ముద్ర సరిపోయిన చోటల్లా ఆ తేదీ వాడుకోవచ్చు.

ఇప్పుడు ఇసుకను అడుగుదాం. ఈ పద్ధతంటే నాకు ప్రాణం. ఉన్న టైములో ఎక్కువ భాగం దీనికే ఇస్తాను, ఏమీ అనుకోకండి.

పిల్లలు చిల్లర దాచుకునే మట్టి డిబ్బీ తెలుసుగా. వాళ్లమ్మ రోజుకో రూపాయి ఇస్తుంది. పిల్లాడు అది డిబ్బీలో వేస్తాడు. కొన్నాళ్లకు పగలగొట్టి లెక్కపెడితే 200 రూపాయలున్నాయి. రోజుకో రూపాయి కాబట్టి 200 రోజుల కిందట డిబ్బీ ఖాళీగా మొదలైంది. మనకు తెలియాల్సినవి రెండే. ఎంత పోగయింది, రోజుకు ఎంత పడింది.

ఇసుక రేణువు అచ్చంగా ఇలాంటి డిబ్బీయే. మట్టిలో ఎక్కడైనా యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి. వాటి నుంచి రేడియేషన్ వస్తూ ఉంటుంది, పైనుంచి కాస్మిక్ కిరణాలు కూడా కొంచెం తోడవుతాయి. కంగారుపడకండి, చాలా కొద్దిపాటిది. ఆ రేడియేషన్ తగిలినప్పుడల్లా రేణువులో కొన్ని ఎలక్ట్రాన్లు పక్కకు జరిగి, స్ఫటికంలో ఉన్న లోపాల్లో ఇరుక్కుంటాయి. అవే రూపాయిలు. రేణువు చీకట్లో ఉన్నంతకాలం అవి పోగవుతూనే ఉంటాయి. దాని మీద ఎండ పడిందా, ఇరుక్కున్నవన్నీ విడుదలైపోతాయి. డిబ్బీ ఖాళీ.

ఇప్పుడు జుర్రేరు ఒడ్డున ఒక ఇసుక రేణువును ఊహించుకోండి. ఎండలో పడి ఉంది, డిబ్బీ ఖాళీ. వానొచ్చింది, మీద మన్ను పడింది, రేణువు చీకట్లోకి వెళ్లిపోయింది. ఆ క్షణం నుంచి లెక్క మొదలు. 10,000 ఏళ్లు, 50,000 ఏళ్లు, చీకట్లో రూపాయి మీద రూపాయి.

దాన్ని బయటికి తీయడం ఎలా? పొరపాటున ఎండ తగిలితే అన్ని వేల ఏళ్ల లెక్కా నిమిషాల్లో పోతుంది. అందుకని గుంట గోడను శుభ్రంగా చెక్కి, వెలుగు దూరని పైపును సుత్తితో అడ్డంగా లోపలికి దిగ్గొడతారు. వెంటనే రెండు మూతులూ మూసి నల్లటి కవర్లో చుట్టేస్తారు. తర్వాత ల్యాబులో, పాత ఫొటో స్టూడియోల డార్క్ రూములో ఉండేలాంటి మసక ఎర్ర వెలుగులో తెరుస్తారు. పైపు చివర్ల మన్ను వెలుగు చూసి ఉంటుంది కాబట్టి దాన్ని వయసు లెక్కకు వాడరు. నడుమ ఉన్నదే పనికొస్తుంది. అందులోంచి రేణువులు ఏరి, వాటి మీద నీలం వెలుగో పచ్చ వెలుగో వేస్తారు. ఇరుక్కున్న ఎలక్ట్రాన్లు బయటపడుతూ రేణువు సన్నగా మెరుస్తుంది. మన కంటికి ఆనదు, పరికరానికి ఆనుతుంది. మెరుపును బట్టి ఎంత పోగయిందో తెలుస్తుంది. అదే మట్టిలో రేడియేషన్ ఏడాదికి ఎంతో విడిగా కొలుస్తారు, మట్టిలో తడి ఎంతో కూడా చూస్తారు, ఎందుకంటే నీళ్లు కొంత రేడియేషన్‌ను మింగేస్తాయి. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే వయసు. మూడో తరగతి భాగహారం.

కాస్త ఆలోచించండి. ఆ రేణువు ఆఖరుసారి ఎండ చూసిన రోజును మనం కొలుస్తున్నాం. ఆ ఎండలోనే పక్కన ఎవరో రాయి చెక్కుతూ కూర్చుని ఉండొచ్చు.

జ్వాలాపురంలో తవ్విన కొరిసెట్టర్, పెట్రాగ్లియా బృందం 2007లో బయటపెట్టిన లెక్క ఇదీ. బూడిద కింద పనిముట్లున్న పొర 77,000 ఏళ్లు, అటూ ఇటూ 6,000. బూడిద పైన పొర 74,000 ఏళ్లు, అటూ ఇటూ 7,000. మధ్యలో బూడిద, దాని వయసు దాదాపు 74,000. ఇసుక గడియారం వేరు, బూడిద గడియారం వేరు. ఒకదానికి ఇంకోదాంతో సంబంధం లేదు. ఇద్దరు సాక్షులు ముందే కూడబలుక్కోకుండా వచ్చి ఒకే మాట చెప్పినట్టు.

'అటూ ఇటూ 6,000 అంటే అదేం లెక్కండీ' అని నా విద్యార్థి ఒకడు నవ్వాడోసారి. నేనైతే ఆ 'అటూ ఇటూ' లేని వయసును నమ్మను. పేపర్లో ఫలానా శిల సరిగ్గా ఇన్ని వేల ఏళ్లది అని చదివితే అనుమానించండి.

పేపర్ల మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. ఎక్కడ పాత రాయి దొరికినా 'కార్బన్ డేటింగ్ చేయిస్తారు' అని రాసేస్తారు. దయచేసి వినండి. కార్బన్ గడియారం ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికి. బొగ్గు, ఎముక, గవ్వ, గింజ, ఇలాంటివాటికి. అదీ 50,000 ఏళ్ల లోపు వాటికే, ఆపైన కొలవడానికి అందులో ఏమీ మిగలదు. చెక్కిన రాతికి కార్బన్ డేటింగ్ లేదు. బూడిద కిందున్న పనిముట్లకు అసలే లేదు. అదే జ్వాలాపురంలో ఒక రాతి ఆవాసం, అంటే బండ చాటున మనుషులు తలదాచుకున్న చోటు ఉంది, దాని పొరలు ఈ బూడిద కంటే చాలా కొత్తవి. అక్కడ దొరికిన గుల్లలకు కార్బన్‌తోనే వయసు కట్టారు. కొన్ని పొరలు 35,000 ఏళ్ల దాకా వెళ్లాయి. పక్కపక్క చోట్లే, కానీ గడియారాలు వేరు.

ఇంతకీ బూడిద కింద రాళ్లు చెక్కినవాళ్లు మనలాంటి మనుషులేనా? తవ్వినవాళ్లు అయ్యుండొచ్చన్నారు, పనిముట్ల పోలిక చూసి. కాదు, మనవాళ్లు ఆ తర్వాతే ఈ దేశానికి వచ్చారని గట్టిగా వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. ఎముక దొరికేదాకా ఈ వాదన తెగదని నా ఉద్దేశం. తెగకపోయినా నాకేం టెన్షన్ లేదు. వయసు మాత్రం దొరికింది కదా.

ఇక ఆ 'ఏ వయసు' ప్రశ్నకు వస్తాను. నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. నాకు పన్నెండేళ్లప్పుడు గిద్దలూరు వైపు మా మేనమామ చేలో బావి తవ్వుతున్నారు. గోడలో ఒక రాయి పొడుచుకొచ్చి కనపడింది. బాదంకాయ ఆకారం, రెండు వైపులా చెక్కుళ్లు. 'మామా, నేను తీసుకుంటా' అన్నాను. 'రాయే కదరా, తీసుకో' అన్నాడు. పలుగుతో పెకలించి, వాగులో శుభ్రంగా కడిగి, ఇంటికి తెచ్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని తిప్పి చూసి మెచ్చుకుని మూడు ప్రశ్నలడిగారు. ఎంత లోతులో ఉంది? ఏ రంగు మట్టిలో ఉంది? దాని పైన ఏముంది? నాకు ఒక్కటీ తెలియదు. అంటుకున్న మన్ను కూడా మిగల్చలేదు, కడిగేశాను. బావికి అప్పటికే రాతికట్టు కట్టేశారు. అది ఎప్పుడు మట్టిలో కప్పబడిందో అడగడానికి ఇక చుట్టూ ఏమీ మిగల్లేదు.

కాబట్టి ఇవాళ మీకు చెప్పేది ఒక్కటే. బావి తవ్వినా, పునాది తీసినా, రోడ్డు కోసం గుట్ట నరికినా, గోడలో చెక్కిన రాయి, ఎముక, తెల్లని పొడి పొర లాంటిది కనిపిస్తే దాన్ని పీకొద్దు, కడగొద్దు. పక్కన ఒక స్కేలో, చెప్పో, ఏదో ఒకటి పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. పైనుంచి ఎన్ని అడుగుల లోతో కొలిచి రాసుకోండి. పురావస్తు శాఖకో, దగ్గర్లోని కాలేజీలో భూగర్భశాస్త్రం మాస్టారికో కబురు పెట్టండి. వాళ్లొచ్చి పైపు దిగ్గొట్టుకుంటారు.

మా మేనమామ చేలో రాయి ఇంకా నా దగ్గరే ఉంది. ఈ ప్రసంగం రాస్తున్నంతసేపూ ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టింది దాన్నే.

నమస్కారం.