నవల చదివినవాళ్ళకు ఆరో ఎపిసోడ్

అందరికీ నమస్కారం.

మనం ఇష్టపడి చదివిన నవల తెరమీదకు వస్తే పక్కన కూర్చున్నవాళ్ళ ప్రాణం తీస్తాం. "పుస్తకంలో ఇలా లేదు", "ఆ పాత్రని ఎత్తేశారు", "అసలు ఆ మాట అన్నది ఇతను కాదు" అంటూ సీను సీనుకీ అడ్డం పడతాం. ఈరోజు ఆ పని అస్సలు చెయ్యనని మాటివ్వలేను గానీ, తక్కువ చేస్తాను. నేను మాట్లాడబోయేది ఒక్క గంట గురించి. బీబీసీ వాళ్ళు తీసిన 'వుల్ఫ్ హాల్' సీరియల్లో ఆరోది, అప్పటికి చివరిది అయిన ఎపిసోడ్. 2015 ఫిబ్రవరి 25న ప్రసారమైంది.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ. మొదటి భార్యను వదిలించుకోవడానికి రోమ్‌లోని పోప్‌తోనే తెగతెంపులు చేసుకుని ఆన్ బొలీన్‌ని పెళ్ళాడాడు. మూడేళ్ళు తిరిగేసరికి ఆమె మీదా మొహం మొత్తింది. మగపిల్లవాడు పుట్టలేదు, పైగా జేన్ సీమోర్ కంటపడింది. ఈ పనులన్నీ రాజు కోసం చేసిపెట్టినవాడు థామస్ క్రామ్‌వెల్, పట్నీలో ఒక కమ్మరి కొడుకు. హిలరీ మాంటెల్ ఆ కమ్మరి కొడుకు కళ్ళతో ఈ కథ చెప్పారు. 'వుల్ఫ్ హాల్' 2009లో వచ్చింది, దాని కొనసాగింపు 'బ్రింగ్ అప్ ది బాడీస్' 2012లో వచ్చింది. రెండింటికీ బుకర్ ప్రైజ్ దక్కింది. ఆ రెండూ కలిపి వెయ్యి పేజీలు దాటతాయి. వాటిని ఆరు గంటల్లోకి కుదించారు. అందులో ఆరో గంట ఆన్ పతనం.

సీన్లు తీసేశారన్నది నా ఫిర్యాదు కాదు. వెయ్యి పేజీలను ఆరు గంటల్లో పెట్టాలంటే తీసెయ్యాల్సిందే. నా బాధ వేరే. నవల చదివేటప్పుడు మనం క్రామ్‌వెల్ తలలో కూర్చుంటాం. కథంతా వర్తమానంలో, అతని భుజం వెనక నుంచి కూడా కాదు, అతని కళ్ళ వెనక నుంచి నడుస్తుంది. అతని జోకులకు ముందు నవ్వేది మనమే. అతని భార్య, ఇద్దరు కూతుళ్ళు జ్వరాలకు పోయినప్పుడు మనకీ దుఃఖం వస్తుంది. తన పాత యజమాని, రాజుకు ఒకప్పటి ముఖ్య మంత్రి అయిన కార్డినల్ వుల్జీని అవమానించినవాళ్ళ మీద అతనికి కోపమొస్తే మనకీ వస్తుంది. ఇలా వందల పేజీలు అతనితో కలిసి నడిచాక, అమాయకులో కాదో తేలని ఐదుగురు మగవాళ్ళనీ ఒక రాణినీ అతను వరసగా చంపించే దగ్గరికి వస్తాం. అప్పుడు ఠక్కున దిగిపోదామంటే కుదరదు. ఇందాకటి దాకా అతని పక్షాన ఉన్నాం కదా! మాంటెల్ పన్నిన వల అదే. పాఠకుణ్ణి ఈ నేరంలో భాగస్తుణ్ణి చేసేసింది.

మరి తెర? తెర మనకి క్రామ్‌వెల్ ముఖం చూపిస్తుంది. మార్క్ రైలన్స్ ముఖం. గొప్ప నటుడు, సందేహం లేదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఆయన వినడం చూడాలి, నటన అంతా ఆ వినడంలోనే ఉంది. కానీ ముఖం చూడటమంటే బయట నిలబడి చూడటమే. ఏమనుకుంటున్నాడో ఊహించాలి. ఊహించేవాడు సాక్షి అవుతాడు గానీ భాగస్తుడు కాడు. మొదటి ఐదు ఎపిసోడ్లలో ఈ తేడా అంతగా తెలియదు. ఆరోదాంట్లో బాగా తెలుస్తుంది.

ఇంకో చిన్న గొణుగుడు. హాన్స్ హోల్‌బైన్ వేసిన క్రామ్‌వెల్ చిత్రం న్యూయార్క్‌లో ఫ్రిక్ కలెక్షన్‌లో ఉంది. బలిసిన మెడ, చిన్న కళ్ళు, చేతిలో నలిగిన కాగితం. నవలలో క్రామ్‌వెల్ ఆ బొమ్మ చూసుకుని, నేను హంతకుడిలా ఉన్నానే అన్నట్టు మాట్లాడతాడు. కొడుకు గ్రెగరీ, ఆ సంగతి నీకిప్పటిదాకా తెలియదా అన్నట్టు జవాబిస్తాడు. నవల మొత్తానికీ నాకు అత్యంత ఇష్టమైన చోటు అది. రైలన్స్ సన్నటి మనిషి, కళ్ళల్లో దిగులు. ఆయన్ని చూసి ఎవరూ హంతకుడనుకోరు. దాంతో అతను చేసే పనిలో క్రూరత్వం కొంచెం పలచబడింది. ఇది నటుడి తప్పు కాదు, ఆ ముఖాన్ని ఎంచుకోవడంతో వచ్చిన ఫలితం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఆ ఐదుగురు. మార్క్ స్మీటన్ అనే సంగీతగాడు, హెన్రీ నారిస్, ఫ్రాన్సిస్ వెస్టన్, విలియం బ్రెరటన్, ఆన్ సొంత తమ్ముడో అన్నో తేలని జార్జ్ బొలీన్. వీళ్ళందరితో రాణికి సంబంధం ఉందని అభియోగం. చరిత్ర చూస్తే ఈ కేసు ఎంత అన్యాయమో తెలుస్తుంది. అభియోగ పత్రంలో ఫలానా తేదీన ఫలానా చోట అని రాశారు. వాటిలో చాలా తేదీల్లో ఆన్ అసలు ఆ చోట లేనే లేదని తర్వాతి చరిత్రకారులు చూపించారు. నేరం ఒప్పుకున్నది స్మీటన్ ఒక్కడే. మిగతావాళ్ళు చివరిదాకా కాదనే అన్నారు. మే 17న ఐదుగురినీ చంపేశారు. అదే రోజు ఆర్చిబిషప్ క్రాన్మర్, ఆన్‌తో రాజు పెళ్ళి అసలు చెల్లదని తీర్పు ఇచ్చాడు. పెళ్ళే కాకపోతే భర్తను మోసం చేసిందన్న నేరం ఎక్కడిది? ఈ ప్రశ్న అప్పట్లో అడిగే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు.

అయితే స్మీటన్‌ను పక్కన పెడితే, మిగతా ఆ నలుగురు పెద్దమనుషులే ఎందుకు? చరిత్ర దీనికి సూటిగా జవాబు చెప్పదు. మాంటెల్ ఒక జవాబు కల్పించింది. వుల్జీ చనిపోయాక ఆయన్ని ఎగతాళి చేస్తూ ఒక వినోద ప్రదర్శన వేశారు. కార్డినల్ నరకానికి పోతున్నట్టు. ప్రదర్శన జరిగిన మాట నిజం. అందులో దయ్యాల వేషాలు వేసి వుల్జీ కాళ్ళూ చేతులూ పట్టుకుని ఈడ్చినవాళ్ళు జార్జ్, నారిస్, వెస్టన్, బ్రెరటన్ అన్నది నవలాకారిణి కల్పన. తెర వెనక వాళ్ళు ముసుగులు తీస్తుంటే క్రామ్‌వెల్ చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు. ఇది మొదటి నవలలో ఉంది. దాని ఫలితం రెండో నవలలో. మధ్యలో మూడేళ్ళు. వచ్చిన వెంటనే కొనుక్కుని చదివిన పాఠకులు ఆ సీను దాదాపు మరిచిపోయి ఉంటారు. క్రామ్‌వెల్ మరిచిపోలేదు. విచారణ గదిలో నారిస్‌ను ఆ నాటకం గుర్తుందా అని అడిగే దగ్గర చదివేవాళ్ళ వెన్నులో చలి పుడుతుంది. రాజుకు దోషులు కావాలి, ఇతను దోషుల్నే వెతికిపెట్టాడు. కాకపోతే వాళ్ళ దోషం ఆ అభియోగంలో రాసినది కాదు.

సీరియల్ కూడా ఈ ముడిని వదల్లేదు, అందుకు స్క్రిప్టు రాసిన పీటర్ స్ట్రాన్‌కు దణ్ణం పెట్టాలి. కానీ మూడేళ్ళు పట్టిన పగ తెరమీద కొన్ని వారాల్లో తీరిపోయింది. పగ అనేది పాతబడాలి. పైగా విచారణలు చకచకా సాగిపోతాయి. నవలలో ఒక్కొక్కరితో జరిగేది ఒక్కో తీరు సంభాషణ. జార్జ్ అహంకారం వేరు, బ్రెరటన్ మొండితనం వేరు. వెస్టన్ అయితే ఇరవై అయిదేళ్ళ కుర్రాడు. వధ్యవేదిక మీద అతను అన్నట్టుగా చరిత్రలో నమోదైన మాట ఒకటి ఉంది. ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్ళు ఇలాగే పాపాల్లో బతికి, ఆ తర్వాత అన్నిటికీ ప్రాయశ్చిత్తం చేసుకుందామనుకున్నానని. ఈ మాటను మాంటెల్ ముందుకు జరిపి జైలు గదిలో, క్రామ్‌వెల్ ఎదుట అనిపిస్తుంది. వింటున్నవాడికి అప్పటికే యాభై. ఆ కుర్రాడు వాయిదా వేసుకున్న వయసులో ఇతను కూర్చుని ఉన్నాడు. ఇలాంటి చోట ఆగడానికి పుస్తకానికి కావలసినంత తీరిక ఉంది. గంట ఎపిసోడ్‌కు లేదు.

స్మీటన్ సంగతి కూడా చెప్పాలి. అతన్ని తాడుతో కణతలు బిగించి హింసించారని ఒక పాత స్పానిష్ కథనం చెబుతుంది. దాన్ని చాలామంది నమ్మరు. మాంటెల్ అతన్ని క్రామ్‌వెల్ ఇంట్లో క్రిస్మస్ సామాన్లు దాచే చీకటి గదిలో పెట్టించి తాళం వేయిస్తుంది. రాత్రంతా భయంతో అరుస్తాడు. క్రామ్‌వెల్ చనిపోయిన చిన్న కూతురు గ్రేస్‌కు పండగనాడు కట్టిన నెమలీకల రెక్కలు కూడా ఆ ఇంటి పండగ సామాన్లలోవే. ఒక్క దెబ్బ కొట్టకుండా ఒక కుర్రాణ్ణి విరిచేశారు. ఏ గొడ్డలి సీను కన్నా నాకు ఈ గదే ఎక్కువ భయం.

ఇక మరణశిక్ష. ఈ భాగంలో దర్శకుడు పీటర్ కొస్మిన్‌స్కీని ఒక్క మాట అనడానికి లేదు. ఆన్‌ను 1536 మే 2న లండన్ టవర్‌కు తీసుకెళ్ళారు, 15న విచారణ, 19న ఉదయం శిక్ష. గొడ్డలి కాదు, కత్తి. అందుకు ఫ్రాన్స్ తీరంలోని కలే నుంచి ప్రత్యేకంగా తలారిని పిలిపించారు. కలే అప్పట్లో ఇంగ్లండ్ చేతిలోనే ఉండేది. అతనికి ఇచ్చిన సొమ్ము 23 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలని లెక్కల్లో ఉంది. కత్తితో అయితే తల ఆనించే దుంగ ఉండదు, మోకాళ్ళ మీద నిటారుగా కూర్చోవాలి, కదలకూడదు. ఎపిసోడ్‌లో ఆ తలారి తన పనితనాన్ని క్రామ్‌వెల్‌కు వివరిస్తాడు, ఒక వడ్రంగి తన పనిముట్టు చూపించినంత మామూలుగా. ఆ మామూలుతనమే మాంటెల్ గొంతు. దాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

ఆన్‌గా వేసిన క్లెయిర్ ఫోయ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అంతకుముందు ఐదు ఎపిసోడ్లలో ఆమెను ఎవరూ ఇష్టపడరు. పొగరు, వెటకారం, ఎదుటివాణ్ణి చూపుతోనే నేలమట్టం చేసే తీరు. ఇక్కడ గొంతు వణుకుతుంది, ఊపిరి అందదు, అయినా చెప్పాల్సింది పూర్తి చేస్తుంది. రాజు మంచివాడనీ దయగలవాడనీ అంటుంది. నిజమైన ఆన్ కూడా వేదిక మీద అలాగే మాట్లాడిందని అప్పటి రాతలు చెబుతున్నాయి. వెనక ఒక కూతురు ఉంది, ఏం చేస్తుంది మరి? టవర్ అధికారి కింగ్‌స్టన్ క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, 1731 అగ్నిప్రమాదంలో కాలిన అంచులతో. తలారి మంచి పనివాడని విన్నాను, నా మెడ కూడా చిన్నదేలే అంటూ ఆన్ చేతులు మెడ చుట్టూ పెట్టుకుని నవ్విందని ఆయన రాశాడు. ఆ నవ్వూ ఈ వణుకూ ఒకే మనిషివని నమ్మించింది ఫోయ్. నవలలో ఆన్ మనకి ఎప్పుడూ క్రామ్‌వెల్ చూపులోంచే కనిపిస్తుంది, కాబట్టి ఆమె చావు కూడా కాస్త దూరంగానే జరుగుతుంది. కెమెరాకు ఆ నిర్బంధం లేదు. ఆమె దగ్గరికి వెళ్ళిపోయింది. పుస్తకం కన్నా తెర పైచెయ్యి సాధించిన చోటు ఇది. పుస్తకాభిమానిగా ఒప్పుకోవడం కష్టమే అయినా చెబుతున్నాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. గ్రీనిచ్ రాజభవనంగా చూపించిన కట్టడం నిజానికి సోమర్సెట్‌లోని మాంటక్యూట్ హౌస్. అది పూర్తయ్యేసరికి ఆన్ పోయి అరవై ఏళ్ళు దాటింది, ఆమె కూతురు ఎలిజబెత్ రాణిగా ఉంది. ఆన్ తన కూతురి కాలపు ఇంట్లో తిరుగుతోందన్నమాట. రాత్రి సీన్లు కొవ్వొత్తుల వెలుగులోనే తీశారని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఏమీ కనబడలేదని తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

చివరి నిమిషం. పని ముగించుకుని క్రామ్‌వెల్ రాజు దగ్గరికి నడుస్తాడు. హెన్రీగా వేసిన డేమియన్ లూయిస్ వెలుగులో నిలబడి, మొహమంతా నవ్వుతో రెండు చేతులూ చాపుతాడు. కౌగిలించుకుంటాడు. కెమెరా రాజు భుజం మీదుగా క్రామ్‌వెల్ ముఖం మీదే ఉండిపోతుంది. ఆ ముఖంలో భయం ఉంది. పుస్తకం ఇలా ముగియదు, అక్కడ చివరి మాట ముగింపుల గురించీ ఆరంభాల గురించీ. పైగా నవలలో మనం క్రామ్‌వెల్ తలలో ఉన్నాం కాబట్టి, తనకు తాను చెప్పుకోని భయాన్ని మనకీ చెప్పడు. లోపల కూర్చుంటే కనిపించనిది బయట నుంచి కనిపించింది. ఎపిసోడ్ అంతా మనల్ని బయట నిలబెట్టినందుకు నేను సణుగుతూ వచ్చాను కదా, ఆ బయట నిలబెట్టడానికి ఫలితం ఈ ఒక్క షాట్‌లో దక్కింది. మే 30న హెన్రీ జేన్‌ను పెళ్ళాడాడు. నాలుగేళ్ళ తర్వాత, 1540 జూలై 28న, అదే రాజు క్రామ్‌వెల్ తల తీయించి అదే రోజు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఈ చరిత్ర తెలిసినవాళ్ళకు ఆ కౌగిలి ఏమిటో అర్థమవుతుంది, తెలియనివాళ్ళకు రైలన్స్ కళ్ళు చెబుతాయి.

2024లో రెండో సిరీస్ వచ్చింది, ఈ వరసలో మూడో నవల 'ది మిరర్ అండ్ ది లైట్' ఆధారంగా. మాంటెల్ దాన్ని చూడలేదు, 2022 సెప్టెంబరులో చనిపోయారు. ఆ నవల ఎలా మొదలవుతుందో తెలుసా? రాణి తల తెగగానే క్రామ్‌వెల్ అక్కణ్ణుంచి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు, ఆకలేస్తుంది, రెండో ఫలహారం గుర్తొస్తుంది. అంతే. నవల మొత్తాన్నీ మోసే వాక్యం అది. సిరీస్ మాత్రం ఆన్ మరణశిక్షనూ హెన్రీ పెళ్ళి ముస్తాబునూ పక్కపక్కన కత్తిరించి చూపిస్తూ మొదలైంది. చూడటానికి బాగుంది, కానీ ఏం అనుకోవాలో మనకి వేలు పెట్టి చూపిస్తున్నారు. ఆ ఆకలి దగ్గర మాంటెల్ ఏమీ చూపించదు. చదివేవాళ్ళకు కూడా కాస్త ఆకలిగా ఉంటుంది, అదీ ఆమె పనితనం. ఆరో ఎపిసోడ్ చూడనివాళ్ళు ఉంటే నా సలహా ఒకటే, రెండో నవల ముందు చదివి ఆ తర్వాత చూడండి. ఈ క్రమం తిప్పితే విచారణ గదుల్లో రైలన్స్ ముఖమే అడ్డొస్తుంది, మీరు లోపలికి వెళ్ళలేరు.

రెండో సిరీస్ ఇష్టపడ్డవాళ్ళు ఇక్కడ కనీసం ఇద్దరున్నారని వాళ్ళ మొహాలు చెబుతున్నాయి. మైకు వాళ్ళకిస్తున్నాను.