మంచుకొండ ప్రయాణానికి బెంగళూరులో రిహార్సల్: కేదార్‌కంఠకి మేము ఎలా రెడీ అవుతున్నామంటే

హలో అండీ, అందరూ బాగున్నారా? బెంగళూరులో ఇప్పుడు తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటోంది. మా అపార్ట్‌మెంట్‌లో వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళంతా అప్పుడే మంకీ క్యాపులు బయటికి తీశారు. మేము వెళ్ళేచోట రాత్రిపూట మైనస్ 10 దాకా పడిపోవచ్చు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, ఎత్తు సుమారు 12,500 అడుగులు. నేను, మా ఆయన, హైదరాబాద్ నుంచి మా తమ్ముడు వెళ్తున్నాం. సాంక్రీ అనే ఊరి నుంచి నడక మొదలవుతుంది. దారి చూపడానికి ఆ ఊరి గైడ్ ఒకాయన వస్తారు. టెంటు, పడక, వంట సామాను మాత్రం మా వీపుల మీదే.

ఈ మాట చెప్పగానే తెలిసినవాళ్ళందరూ అనేది ఒకటే: "చికాగోలో అన్నేళ్ళు ఉండి వచ్చారు, మీకు చలి ఒక లెక్కా?" అక్కడ మైనస్ 20 చూసిన మాట నిజమే. కానీ ఆ చలిలో మేము గడిపింది ఎంతసేపు? ఇంట్లో హీటర్, కారులో హీటర్, ఆఫీసులో హీటర్. పార్కింగ్ నుంచి తలుపు దాకా నడిచే ఆ కాసేపే చలి. కొండ మీద అలాంటి తలుపు ఉండదు. తడిసిన సాక్సు ఆరాలన్నా మన ఒంటి వేడే దిక్కు.

అందుకే అక్కడి నుంచి తెచ్చుకున్న బరువైన కోటు అటక మీదే ఉంచేశాను. వీపు మీద బరువుతో ఎక్కుతున్నప్పుడు ఆ కోటు వేసుకుంటే పావుగంటలో చెమటలు పట్టేస్తాయి. ఆగిన మరుక్షణం ఆ చెమటే చల్లబడుతుంది. ఒంటి వేడిని నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కాటన్ చెమటని పీల్చుకుని ఆరకుండా అలాగే పట్టుకుంటుంది కాబట్టి బనియన్ దగ్గర నుంచి జీన్స్ దాకా కాటన్ ఏదీ బ్యాగులోకి రానివ్వలేదు. ఒంటికి ఆనుకుని థర్మల్స్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చటి జాకెట్, అన్నిటికంటే పైన గాలినీ మంచునీ ఆపే పల్చటి జాకెట్. డౌన్ జాకెట్ (పక్షుల మెత్తటి ఈకలు నింపిన కోటు) నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడు వేసుకోవడానికి. నడక మొదలుపెట్టేటప్పుడు ఒంటికి కాస్త చలేస్తూనే ఉండాలని ట్రెక్కింగ్ చేసేవాళ్ళు చెప్తారు. వెచ్చగా బయల్దేరితే కాసేపట్లో తడిసిపోతాం. సర్జాపూర్ రోడ్డు డెకాథ్లాన్‌లో ఇవన్నీ దొరికాయి. ఉన్ని సాక్సులు, మంకీ క్యాపులు మాత్రం చలికాలంలో టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణంలో కొన్నాను.

స్లీపింగ్ బ్యాగు దగ్గర ఆడవాళ్ళకి ఒక మాట చెప్పాలి. చాలా బ్యాగుల మీద కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి, రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. లిమిట్ అనేది మగవాళ్ళ లెక్కన, ముడుచుకుని పడుకుంటే ఎలాగో నిద్రపట్టే చలి. కంఫర్ట్ అనేది ఆడవాళ్ళ లెక్కన, హాయిగా పడుకోగలిగే చలి. పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఒక్కోసారి లిమిట్‌ది అయి ఉంటుంది. దాన్ని చూసి కొనకండి. బ్యాగు ఎంత మంచిదైనా మన బరువుకి అడుగు భాగం నలిగిపోతుంది, అప్పుడు నేల నుంచి చలి నేరుగా వీపుకి తగులుతుంది. అందుకని కింద ఫోమ్ మ్యాట్, దాని మీద గాలి నింపే మ్యాట్, రెండూ పరుస్తాం.

ఇవన్నీ డబ్బు పెడితే దొరికేవి. నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. చలిలో ముందు మొద్దుబారేది వేళ్ళు, ఆ తర్వాత బుర్ర. ఇంట్లో రెండు నిమిషాల్లో అయ్యే పని అక్కడ పావుగంట పడుతుంది, ఆ పావుగంటా ఒళ్ళు చల్లబడుతూనే ఉంటుంది. కాబట్టి అక్కడ చేయాల్సిన ప్రతి పనీ ఇక్కడ, వెచ్చగా ఉన్నప్పుడే చేతులకి వచ్చేయాలి. మేము ఎక్కువ సమయం పెట్టింది దీనికే.

మా అసోసియేషన్ సెక్రటరీగారిని అడిగి రాత్రి పూట టెర్రస్ తాళాలు తీసుకున్నాం. లైట్లన్నీ ఆర్పేసి, తలకి హెడ్ ల్యాంప్ కట్టుకుని, మందపాటి గ్లవ్స్ వేసుకుని టెంటు వేయడం మొదలుపెట్టాం. గ్లవ్స్‌తో జిప్పు కొనే దొరకదు! అప్పుడు మా తమ్ముడు ప్రతి జిప్పుకీ ఒక చిన్న తాడు ముడి వేశాడు, బ్యాగులకి, జాకెట్లకి, టెంటుకి కూడా. ఇప్పుడు గ్లవ్ విప్పకుండానే లాగొచ్చు. తర్వాత బకెట్‌లో ఐస్ నీళ్ళు పోసుకుని, చేతులు కాసేపు ముంచి తీసి, షూ లేసులు కట్టుకోవడం, మాత్రల స్ట్రిప్పు చింపడం, గ్యాస్ స్టవ్ బిగించడం చేసి చూశాం. మాత్ర చింపడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. దాంతో మాత్రలన్నీ విడదీసి, పేరు రాసిన చిన్న జిప్ కవర్లలో వేశాను. "అక్కా, నాది ఎడమ జేబు, నీది కుడి జేబు, బావది పైన" అంటూ తమ్ముడు ముగ్గురి మందుల చోట్లు అందరికీ బట్టీ పట్టించాడు. ఒకరికి బాగాలేకపోతే మిగతా ఇద్దరు వెతుక్కోకూడదు కదా.

మాలావత్ పూర్ణ గుర్తుందా? నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, ఆనంద్ కుమార్‌తో కలిసి. వాళ్ళ శిక్షణ మొదలైంది మన భువనగిరి బండ మీద. తర్వాత చలికాలంలో లడఖ్ తీసుకెళ్ళారు. మాది ఆ స్థాయి ప్రయాణం కానే కాదు, కానీ ఎండలు మండే ఊళ్ళో పుట్టిన పిల్లలు మంచుకి ఎలా సిద్ధమయ్యారో తలచుకుంటే నాకు ఎంతో ధైర్యం వస్తుంది.

కాళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్యాగులో సోనామసూరి బియ్యం సంచి పెట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగుతున్నాం. దిగేటప్పుడు లిఫ్ట్ వాడడం లేదు, ఎందుకంటే మోకాళ్ళకి అసలు పరీక్ష దిగడంలోనే. ఆదివారాలు బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ ఎక్కుతున్నాం.

తిండి విషయంలో అమ్మ సాయం తీసుకున్నాను. రాజమండ్రి నుంచి సున్నుండలు, పల్లీ చిక్కీ, మామిడి తాండ్ర, కరివేపాకు పొడి పంపింది. వాటిని ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున్నే తీసి తిని చూశాం. సున్నుండ నెయ్యితో గడ్డకట్టి రాయిలా అయిపోయింది, పన్ను దిగలేదు. అందుకని అమ్మ మళ్ళీ చిన్న గోళీల సైజులో చుట్టి పంపింది, నోట్లో వేసుకుని చప్పరించవచ్చు. తాండ్ర సన్నగా కోస్తే బాగుంది. ఖర్జూరం అన్నిటికంటే నయం, గట్టిపడినా నమలొచ్చు. నెయ్యి ఉన్న తిండి ఎందుకంటే, గ్రాము కొవ్వులో 9 క్యాలరీలు, పిండిపదార్థంలో 4. మోసే బరువుకి తగ్గ శక్తి రావాలి. ఇక పైకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, 11,000 అడుగులు దాటాక 90 డిగ్రీలు కూడా ఉండవు. కందిపప్పు అక్కడ త్వరగా ఉడకదు. వేయించి పోపు పెట్టిన ఉప్మా రవ్వ, రాగిజావ పొడి, పాలపొడి కలిపిన అటుకులు తీసుకెళ్తున్నాం. వేడినీళ్ళు పడితే చాలు.

గ్యాస్ డబ్బా కొనేటప్పుడు లోపల ఏముందో చదవండి. ఉత్త బ్యూటేన్ అయితే మైనస్ 0.5 డిగ్రీల కంటే చల్లబడినప్పుడు ఆవిరి అవదు, స్టవ్ వెలగదు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి, అందుకే ఈ రెండూ కలిసిన డబ్బా కావాలి. విమానంలో వీటిని అసలు రానివ్వరు, డెహ్రాడూన్‌లో కొంటాం. ఎంత చలేసినా టెంటు లోపల మాత్రం స్టవ్ వెలిగించకండి, ప్లీజ్. స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఎత్తు గురించి ఇంకో మాట. బెంగళూరు 3,000 అడుగుల ఎత్తులో ఉంది కదా, మనకి అలవాటే అనుకుంటారు కొందరు. ఆ ఎత్తు ఈ విషయంలో ఏమీ ఉపయోగపడదు. కేదార్‌కంఠ పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి కూడా తలనొప్పి, వికారం, నిద్రలేమి రావొచ్చు. సుమారు 10,000 అడుగులు దాటాక, పడుకునే చోటు ముందురాత్రి కంటే 500 మీటర్లకి (సుమారు 1,640 అడుగులు) మించి పైకి ఉండకూడదని డాక్టర్లు చెప్తారు. మామూలుగా దారిలోని జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర సుమారు 9,100 అడుగుల్లో పడుకుని, మర్నాడే 11,000 దాటిన బేస్ క్యాంపుకి వెళ్ళిపోతారు. మేము జూడా కా తాలాబ్ దగ్గర ఒక రోజు ఎక్కువ ఆగుతాం. సెలవు ఒకటి పోతుంది, పోనివ్వండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులకి వాడే డయామాక్స్ మాత్ర గురించి మా డాక్టర్‌గారితో మాట్లాడాం. సల్ఫా మందులు పడనివాళ్ళు ఈ మాట డాక్టర్‌కి ముందే చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి రావడం దీనితో మామూలే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, లేదా మడమకి వేళ్ళు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలితే, అర్ధరాత్రయినా సరే కిందికి దిగిపోవాలి. ఆ పరిస్థితిలో ఎవరూ "నేను బాగానే ఉన్నా" అని వాదించకూడదని ముగ్గురం ఒట్టేసుకున్నాం. తిరుగుదామని గైడ్ అంటే తిరగడమే, ఆ మాటకి ఎదురు లేదు.

ఇక చిన్నచిన్నవి. నీళ్ళ సీసా తలకిందులుగా పెడితే ఐసు అడుగు వైపు కడుతుంది, మూత దగ్గర నీళ్ళు వస్తాయి. కెమెరా బ్యాటరీలు, ఫోను రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే మాతో పడుకుంటాయి, చలికి చార్జింగ్ ఊరికే పడిపోతుంది. కొత్త మంచు ఎండలోని యూవీని 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, పక్కల నుంచి కూడా మూసే నల్లద్దాలు లేకుండా కళ్ళు మంటలెత్తిపోతాయి. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి. పీరియడ్స్ డేట్ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకున్నాను, ఎత్తులో తేదీ అటూఇటూ అవచ్చని. వాడినవి మూసి తెచ్చుకోవడానికి జిప్ కవర్లు కూడా. కొండ మీద ఏదీ పారేయం.

బ్యాగులు నిన్న తూచాం. మా ఆయన రెండో లెన్సు తీసేశారు, ఆ చోట్లో అదనంగా ఒక జత పొడి సాక్సులు వెళ్ళాయి. పవర్ బ్యాంకులు చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోకి మార్చాను. ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ విమానం, అక్కడి నుంచి సాంక్రీ సుమారు 200 కిలోమీటర్లు, రోజంతా ఘాట్ రోడ్డే. నాకు ఘాట్ రోడ్డు పడదు, అల్లం మురబ్బా ముందు జేబులోనే ఉంది. మైక్రో స్పైక్స్ (మంచులో జారకుండా బూటు కింద తగిలించే ముళ్ళు), గైటర్స్ (బూటులోకి మంచు పోకుండా కాలికి చుట్టే తొడుగు) సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి. అవి సైజు ఎలా చూసుకోవాలో, బూటుకి ఎలా బిగించాలో వచ్చే వీడియోలో అక్కడి దుకాణం నుంచే చూపిస్తాను.