ముందు కుట్టు, తర్వాత కత్తెర

(తిరుపతి స్టూడియో నుంచి మధ్యాహ్నం ఫోన్-ఇన్. బొంతలు కుట్టడం నేర్పే టీచర్ మనతో ఉన్నారు.)

యాంకర్: పోయిన వారం బొంతల గురించి మాట్లాడుకున్నాం కదా, అప్పటినుంచీ ఒకటే ప్రశ్న, ఈ స్ట్రిప్ పీసింగ్ అంటే ఏందని. లైన్లో ఎవరో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

పుత్తూరు శ్రోత: నమస్తే అక్కా, పుత్తూరు నుంచి. ఇంట్లోనే జాకెట్లు కుడతా ఉంటాను. మా అమ్మాయికి ఏడో నెల, ఉయ్యాల్లోకి ఒక బొంత కుడదామని వీడియోలు చూస్తే స్ట్రిప్ సెట్ అంటారు, సబ్ కట్ అంటారు, తల తిరిగిపోతా ఉండాది.

టీచర్: నువ్వు జాకెట్లు కుడతావు కాబట్టి నీకు చెప్పడం సులువమ్మా. మన అమ్మలు బొంత ఎట్లా కుట్టేవాళ్లు? చిన్న చిన్న చదరపు ముక్కలు కోసుకుని ఒక్కోటీ అతికేవాళ్లు. బ్లాకు అంటే ముక్కలు కలిపి కుట్టిన ఒక పెద్ద చదరం. తొమ్మిది ముక్కల బ్లాకంటే తొమ్మిదీ విడివిడిగా పట్టుకోవాలి. ఈ పద్ధతిలో అది తిరగేస్తారు. ముందు పొడుగు పట్టీలు పక్కపక్కన కుట్టేసి, ఆ తర్వాత అడ్డంగా కోస్తారు. పట్టీ అంటే స్ట్రిప్. కుట్టి కలిపిన పట్టీల గుంపు స్ట్రిప్ సెట్. దాన్ని మళ్లీ అడ్డంగా కోయడమే సబ్ కట్. ఇంతే, పేర్లు చూసి భయపడొద్దు.

పుత్తూరు శ్రోత: లెక్క చెప్తారా అక్కా? ఎంత గుడ్డ తెచ్చుకోవాలి?

టీచర్: రాసుకో. 44 పన్నా, అంటే 44 అంగుళాల వెడల్పున్న పాప్లిన్ గుడ్డ తీసుకో, ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి. పన్నాకి అడ్డంగా రెండున్నర అంగుళాల వెడల్పుతో పట్టీలు కొయ్యి. ముదురు-లేత-ముదురు కలిపి రెండు సెట్లు, లేత-ముదురు-లేత కలిపి ఒక సెట్. కొసలు సాఫు చేసుకుని ఒక్కో సెట్‌ని రెండున్నర అంగుళాల చొప్పున అడ్డంగా కోస్తే 16 ముక్కలు వస్తాయి. మొదటి రకంవి రెండు, మధ్యలో రెండో రకంది ఒకటి పెట్టి కుడితే బ్లాకు అయిపోయింది. మూడు సెట్లకీ కలిపి 16 బ్లాకులు, నాలుగు నాలుగుగా పేరిస్తే, కుట్లలో పోయేది పోగా 24 అంగుళాల చదరం. బిడ్డ మీద కప్పడానికీ, ఉయ్యాల్లో పరచడానికీ చాలు. పెద్దది కావాలంటే సెట్లు పెంచుకో.

పుత్తూరు శ్రోత: మా దగ్గర జాకెట్ గుడ్డలు 36 పన్నావి ఉండాయి.

టీచర్: అయితే ఒక్కో సెట్‌కి 13 అనుకో, అంచులు పోవాలి కదా. 16 బ్లాకులకి మొదటి రకంవి మూడు సెట్లు, రెండో రకంవి రెండు సెట్లు కుట్టుకో. మిషన్ పక్కనే ఉంటే ఇప్పుడే ఒక సెట్ కుట్టి కొలిచి మళ్లీ ఫోన్ చెయ్యి. మూడు పట్టీలు కలిపితే వెడల్పు ఆరున్నర రావాలి. ఏడున్నర కాదు, ఆరున్నర. రెండు కుట్లున్నాయి, ఒక్కో కుట్టుకి ఇటు పావు, అటు పావు, అర అంగుళం తినేస్తుంది.

యాంకర్: ఇంకో కాల్. శ్రీకాళహస్తి నుంచి.

శ్రీకాళహస్తి శ్రోత: మేడమ్, నేను ఎనిమిది పట్టీలు కలిపి సెట్ కుట్టాను. పరిచి చూస్తే ఇంద్రధనుస్సులా వంగిపోయింది. ఎంత ఇస్త్రీ చేసినా రావట్లేదు.

టీచర్: ఎంత ఇస్త్రీ చేస్తే అంత వంగుతుంది తల్లీ! ఎనిమిదీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టి కుట్టావు, అవునా?

శ్రీకాళహస్తి శ్రోత: అవును మేడమ్.

టీచర్: మిషన్ కింది గుడ్డని కొంచెం ఎక్కువ లాగుతుంది. ఏడు కుట్లూ ఒకే వైపు నుంచి పడితే ఆ లాగుడంతా ఒకవైపే పేరుకుంటుంది. ముందు రెండేసి పట్టీలు జత చెయ్యి, తర్వాత జతలు కలుపు. ఒక కుట్టు పైనుంచి మొదలైతే పక్క కుట్టు కిందనుంచి. ఇక ఇస్త్రీ. పంచె మీద తోసినట్టు పెట్టెని తోయొద్దు, ఎత్తి పెట్టు, ఎత్తి పెట్టు. నేను కూడా మొదట్లో ఆవిరి పెట్టి తోసి ఒక సెట్ మొత్తం పాడుచేసుకున్నదాన్నే.

శ్రీకాళహస్తి శ్రోత: కుట్టు మడత ఎటు తిప్పాలి?

టీచర్: ముదురు గుడ్డ వైపు. లేత వైపు తిప్పితే మడత రంగు పైకి కనపడుతుంది. ఇందాక చెప్పిన తొమ్మిది ముక్కల బ్లాకులో ఇంకో లాభం కూడా ఉంది. ముదురు-లేత-ముదురులో మడతలు బయటికి పోతాయి, లేత-ముదురు-లేతలో లోపలికి వస్తాయి. రెండూ ఎదురెదురు పెట్టి బొటనవేలితో నొక్కితే మడతలు ఒకదానికొకటి ఆనుకుని సర్దుకోవడం వేలికే తెలుస్తుంది. వీడియోల్లో నెస్టింగ్ అనేది దీన్నే. అది తెలిస్తే గుండుసూది కూడా అక్కర్లేదు.

శ్రీకాళహస్తి శ్రోత: ఇంకొక్కటి మేడమ్, మా ఊళ్లో కలంకారీ ముక్కలు దొరుకుతాయి, వాటితో...

టీచర్: అచ్చు వేసినవైతే వాడు, ముందు విడిగా ఉతుకు. కలంతో గీసింది మాత్రం పట్టీలు చేయొద్దమ్మా. నెమలి మెడ ఒక పట్టీలో, తోక ఇంకో పట్టీలో పడితే చూడ్డానికే బాధగా ఉంటుంది.

యాంకర్: పలమనేరు నుంచి ఒక పెద్దావిడ.

పలమనేరు శ్రోత: అమ్మా, ఈ జెల్లీ రోల్ అనేది తెప్పించమంటా ఉంది నా కోడలు. తినేదేమో అనుకున్నా.

టీచర్: (నవ్వు) చుట్ట చుట్టి అమ్మే పట్టీలు పెద్దమ్మా. మోడా అని అమెరికా గుడ్డల కంపెనీ పెట్టిన పేరు. రెండున్నర అంగుళాల వెడల్పు, ఇంచుమించు 40 పట్టీలు. రంగులు బాగుంటాయి, కాదనను, కానీ మనకెందుకు? మీటరు గుడ్డని పన్నాకి అడ్డంగా కోస్తే 15 పట్టీలొస్తాయి.

పలమనేరు శ్రోత: మా పాత నూలు చీరలు ఉండాయి. చింపితే పట్టీ అవుతుందా?

టీచర్: మెత్తటి నూలుదైతే చింపండి, పోగు వెంబడే తిన్నగా చిరుగుతుంది. అంచు పీలికలవుతుంది కాబట్టి మూడు అంగుళాలకి చింపి, ఇస్త్రీ చేసి రెండున్నరకి కోసుకోండి. పాలిస్టర్ మాత్రం కలపొద్దు, నూలుకి సరిపోయే వేడికి అది ముడుచుకుపోతుంది.

యాంకర్: ఇది కొత్తగా వచ్చిన పద్ధతేనా?

టీచర్: మరీ కొత్తదేం కాదు. అమెరికా ఫ్లోరిడాలో సెమినోల్ ఆడవాళ్లు 20వ శతాబ్దం మొదట్లోనే చేతి మిషన్ మీద పట్టీలు కుట్టి, కోసి, మళ్లీ కుట్టి బట్టలు చేసుకున్నారు. మా అవ్వ తిప్పిన చేతి మిషన్ లాంటిదే. జపాన్‌లో ఓల్ఫా వాళ్లు 1979లో చక్రం కత్తి, అదే రోటరీ కట్టర్ తెచ్చాక కోయడం ఇంకా సులువైంది. అది లేకపోతే కొంప మునగదు, స్కేలు, చాక్‌పీసు, పదునైన కత్తెర చాలు. కాకపోతే అడ్డంగా కోసేటప్పుడు స్కేలు గీతని గుడ్డ అంచుకి కాదు, కుట్టుకి ఆనించి పెట్టండి. నాలుగైదు ముక్కలకోసారి అంచు సాఫు చేసుకోకపోతే ముక్కలు ఏటవాలుగా పోతాయి.

యాంకర్: పుత్తూరు నుంచి మళ్లీ ఫోన్! కుట్టేశారా అప్పుడే?

పుత్తూరు శ్రోత: కుట్టేశానక్కా. కానీ ఆరున్నర రాలేదు, ఆరుంపావే వచ్చింది.

టీచర్: పావు తగ్గింది. రెండు కుట్లు, కుట్టుకి రెండు వైపులు, అంటే నాలుగు చోట్లా వీసం వీసం, అంటే అంగుళంలో పదహారో వంతు చొప్పున ఎక్కువ పోయింది. నువ్వు ఫుట్, అదే గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం, దాని అంచుని నమ్ముకుని కుట్టావు.

పుత్తూరు శ్రోత: అవునక్కా, జాకెట్‌కి అట్లాగే కదా కుట్టేది.

టీచర్: జాకెట్‌కి సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. సూది దించి, దాని కింద టేపు పెట్టి, పావు అంగుళానికి ఒక పోగంత తక్కువ దగ్గర మిషన్ పలక మీద ప్లాస్టర్ నాలుగు పొరలు అతికించు. గుడ్డ అంచు దానికి ఆనుకుని పోవాలి. ఆ పోగంత ఎందుకంటే, మడత తిరిగేటప్పుడు గుడ్డ కొంచెం తింటుంది.

పుత్తూరు శ్రోత: మరి ఇది విప్పేయాలా?

టీచర్: విప్పొద్దు! మిగిలిన సెట్లూ, బ్లాకులూ, బ్లాకులు కలిపే కుట్లూ అన్నీ ఇదే మార్జిన్‌తో కుట్టు. బ్లాకు ఆరుంపావు చదరం వస్తుంది, ఏదీ వంకర పోదు. మొత్తం బొంత 24 బదులు ఇరవై రెండున్నర అవుతుంది, అంతే. ప్లాస్టర్ ఈ బొంతకి అంటించొద్దు, వచ్చేదానికి అంటించు. సగంలో మార్చావంటే మాత్రం ఏ కుట్టూ ఏ కుట్టుకీ కలవదు.

పుత్తూరు శ్రోత: సరేనక్కా. ఒక్క నిమిషం... (మిషన్ చప్పుడు) ఇప్పుడు రెండో సెట్ కిందనుంచి మొదలుపెట్టనా?

టీచర్: రెండో సెట్ కాదమ్మా, అదే సెట్‌లో రెండో కుట్టు!