బబూన్ సాలీడుకు లోతైన మట్టి కావాలి

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు, సంతోషం. సాలీడును వెంట తీసుకురాలేదు. పెట్టె కదిలితే దానికి భయం, అందుకే ఇంట్లోనే వదిలి వచ్చాను.

ఆఫ్రికాకు చెందిన ఈ పెద్ద సాలీళ్లను బబూన్ టరాంటులాలు అంటారు. కాళ్ల చివరన ఉండే మెత్తలు బబూన్ కోతి వేళ్లలా కనిపిస్తాయని ఆ పేరు. అమెరికా ఖండాల టరాంటులాలు చాలావరకు, బెదిరితే పొట్ట మీది దురద నూగును వెనక కాళ్లతో విదిలిస్తాయి. వీటికి ఆ నూగు లేదు. పారిపోవడానికి బొరియ ఉండాలి, లేదంటే కోరలే దిక్కు. కోపిష్టి జాతి అని వీటికి పేరు రావడానికి అసలు కారణం ఇదే.

నా దగ్గరున్నది కింగ్ బబూన్, ఆడది. కెన్యా, టాంజానియా నేలల జీవి. కాళ్లు చాపితే 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వెనక కాళ్లు లావుగా, కాస్త వంపు తిరిగి ఉంటాయి. తెచ్చిన కొత్తలో పెట్టెలో నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పొట్టు పరిచి, ఒక బెరడు ముక్క పెట్టి ఊరుకున్నాను. నీళ్లు మార్చడానికి మూత తీస్తే చాలు, ముందు కాళ్లెత్తి, కోరలు విప్పి బుస కొట్టేది. ఆ బుస నోటిది కాదు, కాళ్ల మొదళ్లలోని రోమాల రాపిడి. ఒకరోజు పట్టుకారును కాటేసింది. ఆ ఇనుము మీద విషపు చుక్క మెరవడం చూశాను. రెండు నెలల పాటు దాని స్వభావమే అంత అనుకున్నాను. తర్వాత పెట్టె మార్చి 30 సెంటీమీటర్ల మట్టి గట్టిగా నొక్కి పోశాను, అడుగున కొంచెం తడి ఉంచి. కొన్ని రాత్రుల్లో తవ్వుకుని లోపలికి పోయింది. మళ్లీ ఆ బుస వినలేదు. ఇప్పుడు మూత తీస్తే బొరియ అంచున కనిపించే కాళ్లు లోపలికి జారిపోతాయి, అంతే.

నారింజ రంగు బబూన్ చిన్నది, 10 నుంచి 15 సెంటీమీటర్లు. కానీ మెరుపు వేగం. మొదటి సాలీడుగా దాన్ని ఎవరూ కొనవద్దు. వీటి కాటుతో మనుషులు చనిపోయినట్టు నమోదు కాలేదు గానీ, నొప్పి తీవ్రంగా ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి. ఏ బబూన్‌నూ చేతి మీదికి ఎక్కించుకోకండి. కింద పడితే దాని పొట్ట పగిలిపోతుంది కూడా.

మేత తేలిక: పెద్దదానికి వారానికో పురుగు, గిన్నెలో నీళ్లు. కుబుసం విడిచేటప్పుడు వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందని కదపవద్దు. తినని పురుగును వెంటనే తీసేయండి, మెత్తబడిన ఒంటిని అది కొరుకుతుంది.

నారింజ బబూన్‌కు 1897లో శాస్త్రీయ నామం పెట్టిన బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్, 1899లో మన గుత్తి దగ్గర దొరికిన నీలం సాలీడుకూ పేరు పెట్టాడు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్ల తొర్రల్లో బతికే ఆ జీవి అంతరించే ప్రమాదంలో ఉంది. అడవి నుంచి పట్టి తెచ్చిన ఏ సాలీడునూ కొనకండి. పెంపకంలో పుట్టిన పిల్లనే అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆడ కింగ్ బబూన్ 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. మీ అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక దానికి నీళ్లు ఎవరు పెడతారో, కొనే ముందే ఇంట్లో మాట్లాడుకోండి.