డేవ్ రాబర్ట్స్: బెంచీ మీద నుంచి కోచ్ దాకా

నమస్కారమండీ. ఈరోజు అమెరికా బేస్‌బాల్ మనిషి డేవ్ రాబర్ట్స్ గురించి మాట్లాడుకుందాం. 1972లో జపాన్‌లోని ఒకినావాలో పుట్టారు, తల్లి జపాన్ ఆవిడ, తండ్రి అమెరికా సైన్యంలో పనిచేసిన నల్లజాతీయుడు. పదేళ్లు ఔట్‌ఫీల్డర్‌గా, అంటే మైదానం చివర్లో కాపలా కాసే ఆటగాడిగా ఆడారు. పెద్ద స్టారేం కాదు. దూరంగా బాదే బలం తక్కువ, ఉన్నదల్లా కాళ్లలో వేగం.

2004 అక్టోబర్ 17, బోస్టన్. రెడ్ సాక్స్ జట్టు 1918 తర్వాత టైటిల్ గెలవలేదు, సెమీఫైనల్ లాంటి ఆ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో అప్పటికే మూడు మ్యాచ్‌లు ఓడింది, ఇది కూడా పోతే ఇంటికే. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది, ఒక్క పరుగు వెనక. అప్పటిదాకా బెంచీ మీదున్న రాబర్ట్స్‌ని మరొకరి బదులు పరుగెత్తమని మొదటి బేస్‌కి, అంటే పరుగు పూర్తవ్వాలంటే వరసగా తాకాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిదానికి, పంపారు. బంతి వేసేది యాంకీస్ పిచ్చర్ మరియానో రివేరా. ఇతను రెండో బేస్‌కి దూకుతాడని స్టేడియంలో అందరికీ తెలుసు, రివేరాకీ తెలుసు, అందుకే బేస్ వదిలి ఉండగానే అవుట్ చేద్దామని మూడుసార్లు మొదటి బేస్‌కే బంతి విసిరాడు. మూడుసార్లూ రాబర్ట్స్ వెనక్కి చేరుకున్నారు. బ్యాటర్‌కి తొలి బంతి వెయ్యగానే పరుగు! 90 అడుగులు, మూడు సెకన్ల పైచిలుకు, చివర్లో నేలమీద జారుతూ చెయ్యి బేస్‌కి తగిలింది. వెంట్రుకవాసిలో సేఫ్. తర్వాతి దెబ్బకి స్కోరు సమం, బోస్టన్ ఆ మ్యాచే కాదు, ఆ ఏడాది టైటిలే కొట్టేసింది. ఫైనల్లో మాత్రం ఆయన్ని ఒక్కసారీ దింపలేదు!

ఆ దూకుడు నేర్పింది మారీ విల్స్, 1962లో 104 బేస్‌లు దొంగిలించిన, అంటే బ్యాటర్ కొట్టకముందే ఇలా తర్వాతి బేస్‌కి దూకి చేరిన ఘనుడు. అందరికీ తెలిసి కూడా దూకాల్సిన రోజొకటి వస్తుంది, అప్పుడు భయపడకు అని ముందే చెప్పారట.

2010లో రాబర్ట్స్‌కి హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. చికిత్స చేయించుకుని, మరుసటి ఏడాదే శాన్ డియేగో జట్టుకి మొదటి బేస్ కోచ్‌గా మైదానంలో నిలబడ్డారు. పిచ్చర్ ఎంతసేపట్లో బంతి వదులుతున్నాడో లెక్కగట్టి, పక్కనున్న కుర్రాడికి ఎప్పుడు కదలాలో చెప్పడమే ఆ పని. తను బతికిన పనే కదా! బెంచీ మీద కూర్చుని ఆటని చదివినవాడికి కోచింగ్ బాగా అబ్బుతుందని నేను గట్టిగా నమ్ముతాను, స్టార్‌కి ఆ తీరిక ఎక్కడిది?

2016 నుంచి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు మేనేజర్, అంటే ప్రధాన కోచ్. పిచ్చర్లని తొందరపడి మారుస్తాడని అభిమానులు తిట్టని సీజన్ లేదు, ఆ టెన్షన్ మామూలుది కాదు. అయినా 2020, 2024, 2025ల్లో మూడు టైటిళ్లు తెచ్చారు. వేసుకునే జెర్సీ నంబరు 30, గురువు విల్స్‌ది.