వాలై, ఎల్లో పర్చ్: పులుసుకి ఏది, వేపుడుకి ఏది?

హాయ్ అండి, అందరికీ నమస్తే. అమెరికాలోని ఒహాయోలో ఈరీ సరస్సు చుట్టుపక్కల ఉండే మనవాళ్లు నన్ను తరచుగా అడిగేది, ఇక్కడి మంచినీటి చేపల్లో వాలై మంచిదా, ఎల్లో పర్చ్ మంచిదా అని. ఈరోజు రెండూ మా వంటింట్లో ఉన్నాయి, పక్కపక్కనే పెట్టి చూపిస్తాను.

రెండూ ఒకే కుటుంబం చేపలే. పసుపు రంగు ఒంటి మీద నిలువు నల్ల చారలు ఉన్న ఈ చిన్నది పర్చ్. పొడుగ్గా, తోక కింది కొసన తెల్ల మచ్చతో ఉన్నది వాలై. దీని కళ్లు చూడండి, లైటు పడితే మన పండుగప్ప కళ్లలాగే మెరుస్తాయి. కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉండటం వల్ల మసక చీకట్లో కూడా దీనికి బాగా కనిపిస్తుంది, అందుకే తెల్లవారుజామున, సాయంత్రం, లేదంటే మబ్బు పట్టి నీళ్లు కాస్త అలలు వేస్తున్నప్పుడు వాలై బాగా పడుతుంది. పర్చ్ పగటి చేప. గుంపు ఎక్కడుందో దొరికిందంటే చాలు, అడుగున చిన్న చేపలు ఎరగా పెట్టి గాలం వదిలితే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, పిల్లలకి అంతకంటే సరదా లేదు. వాలై నోట్లో మాత్రం వేలు పెట్టకండి, పళ్లు చాలా పదును.

ఇక్కడ పేరు మొత్తం వాలైదే అండి. పోర్ట్ క్లింటన్ ఊళ్లో అయితే డిసెంబర్ 31 రాత్రి పెద్ద వాలై బొమ్మను పైనుంచి దించి కొత్త సంవత్సరం చేసుకుంటారు! గాలానికి పడ్డాక బరువుగా తల విదిలిస్తూ లాగుతుంది, ఆ పట్టే ఆనందం నిజంగా వేరు. ఈరీలో ఒహాయో వైపు నీళ్లలో అయితే 15 అంగుళాల కంటే చిన్న వాలై ఉంచుకోకూడదు, 16 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ లైసెన్స్ ఉండాలి. రోజుకి ఎన్ని పట్టుకోవచ్చో మారుతూ ఉంటుంది, పర్చ్‌కి అయితే సరస్సులో ఏ భాగం అనేదాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి వెళ్లేముందు చూసుకోండి.

కానీ తినడానికి నా ఓటు పర్చ్‌కే. కండ గట్టిగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఇక్కడివాళ్లు తోలు తీసేస్తారు, నేను మాత్రం పొలుసు తీసి తోలు ఉంచేస్తాను. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం, కొంచెం బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేస్తే అంచులు కరకరలాడతాయి. పల్చని ముక్క కాబట్టి రెండు వైపులా కలిపి ఐదారు నిమిషాలు కూడా పట్టదు, ఎక్కువసేపు ఉంచితే ఎండిపోతుంది.

వాలైలో కొవ్వు తక్కువ, తెల్లగా పొరలు పొరలుగా విడిపోతుంది. ఫిల్లెట్, అంటే ముల్లు తీసేసిన ముక్క తెచ్చి నేరుగా పులుసులో వేస్తే ముక్క మిగలదు. అందుకే శుభ్రం చేసేచోట ముందే చెప్పండి, ముల్లుతోనే అడ్డంగా కోయమని, తల కూడా ఇవ్వమని. ఆ బుగ్గల కండ చాలా రుచి, దాన్ని పారేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చింతపండు పులుసు బాగా మరిగి నూనె తేలాక చివర్లో ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి చాలు.

పట్టే ఓపిక లేక కొనుక్కునేవాళ్లకి ఇంకో విషయం. 1970లో చేపల్లో పాదరసం బయటపడినప్పుడు ఈరీలో వాలై వేట ఆపేశారు. ఇప్పుడు గాలంతో ఎవరైనా పట్టుకోవచ్చు కానీ, ఒహాయో వైపు వలలు వేసి వాలై పట్టి అమ్మడానికి మాత్రం అనుమతి లేదు, అందుకే దుకాణంలో దొరికే ఈరీ వాలై కెనడా వైపు నుంచి వస్తుంది. పర్చ్ అయితే ఇక్కడి వలల్లోదీ దొరుకుతుంది. పెద్ద చేపలో పాదరసం ఎక్కువ చేరుతుంది కాబట్టి గర్భిణులకి, చిన్నపిల్లలకి వండేటప్పుడు పెద్ద వాలై జోలికి పోకుండా పర్చ్ తెచ్చుకోండి.